అయిదునాళ్ల సంత

పరదేశములకు బోయివచ్చినవారు అచ్చటి గోపురములను గూర్చియు, రాజభవనములను గూర్చియు వ్రాయుట పరిపాటి. మేము బర్మాదేశమున అవియు చూచితిమి. కాని మనసున నిలిచినది ఒక పల్లెటూరి సంత. సంత చూచుటకు సముద్రము దాటవలెనా యని మీరు నవ్వవచ్చును. నవ్వదగినది మరియొకటి కలదు. శ్రీకాకుళపు సీమలోని మా ఊర, మా ఇంటికి నాలుగు ఫర్లాంగుల దూరములో, ప్రతి మంగళవారము సంత జరుగును. పెండ్లియై ఆ ఊరు వచ్చిన పదునొకండేండ్లలో, బర్మా వెళ్లునాటికి, మేమొక్కసారియైన అందు అడుగుపెట్టి యెరుగము.

మావారు ఆ ఊరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. సంతలో కూరలు పోసికొని కూర్చుండువారందరును బడిపిల్లల తల్లులో తండ్రులో అయియుందురు. “మేష్టారి ఇల్లాలు వచ్చినచో ధర తగ్గించి చెప్పుదురు, కొసరు రెండింతలు వేయుదురు. అది మనము తినదగిన సొమ్ము కాదు” అని మావారి వాదము. అత్తగారి కారణము వేరు. ఆమె దానిని ఒక్కమాటలో తేల్చివేయుదురు: “ఆ బుట్ట మా అత్తతోనే దిగిపోయిందమ్మా. మళ్లీ ఎత్తుకోనక్కర్లేదు.”

ఆ బుట్ట కథ చెప్పక తప్పదు. మావారి నాయనమ్మ పడుచుదనమున రంగూను పట్టణమున కాపురము చేసిరి. తాతగారు రేవున మూటలు మోసెడివారు. ఆమె తలపై బుట్ట పెట్టుకొని, మనవారుండు వీధులలో చింతపండు, ఎండుమిరపకాయలు అమ్మెడివారట. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 లో లక్షలకొలది మనదేశీయులు అడవుల వెంబడి, కొండల వెంబడి నడచి వచ్చిరి. వారిలో వీరును ఉండిరి. త్రోవలో తాతగారికి జ్వరము తగిలినది. ఇల్లు చేరినది ఇద్దరే గాని, అప్పటినుండి ఆయన బరువు మోయలేదు. ఆమె మా ఊరి సంతలో బుట్ట దించుకొని కొడుకును చదివించిరి. కొడుకు గుమాస్తా అయ్యెను, మనుమడు ఉపాధ్యాయుడయ్యెను. ఇక ఇంటి కోడలు సంతకు పోరాదని కట్టడి యేర్పడినది. పుట్టింట మా తండ్రిగారి కడ భారత భాగవతములు చెప్పించుకొని వచ్చినవారము కనుక, ఆ కట్టడి మాకు కష్టముగా తోచలేదు సరికదా, లోలోపల కొంత గొప్పగనే యుండెడిది.

2019 జనవరిలో, సంక్రాంతి సెలవులకు మరికొన్ని దినములు కలుపుకొని, మావారు చిరకాలపు కోరిక తీర్చుకొనిరి. కలకత్తానుండి విమానమున రంగూను చేరితిమి. దానినిప్పుడు యాంగోను అందురు. దేశము పేరును 1989 లోనే మియన్మా అని మార్చిరి. మా ఇంట నాయనమ్మ నోట నలిగిన పేర్లే నిలిచినవి కనుక మేమును వానినే వ్రాయుచున్నాము. ఆమె తిరిగిన వీధి ఏదియో ఆనవాలు దొరకలేదు. ఒక టీ దుకాణమున వృద్ధుడొకడు మా మాట విని, తలయూచి, “కోరంగి” అనెను. పూర్వము గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి ఓడలెక్కి వచ్చినందున తెలుగువారికి ఆ దేశమున ఆ పేరు పడినది. ఆ రేవు 1839 నాటి తుపానున నాశమైనది. పేరు మాత్రము పరాయిదేశమున బ్రతికియున్నది. ఆ మాటలో ఆదరము కలదో, తక్కువతనము కలదో మాకు బోధపడలేదు. మావారి ముఖము మాత్రము చిన్నబోయెను.

మావారు సాంఘికశాస్త్రము బోధించువారగుటచే, నీటిపై తేలు తోటలను చూడక తిరిగిరానని పట్టుపట్టిరి. అందుచే రాత్రి బస్సెక్కి, ఉత్తరమున షాన్ రాష్ట్రములోని న్యాంగ్‌ష్వే అను ఊరు చేరితిమి. ఇన్లే సరస్సునకు అదియే ముఖద్వారము. ఆ సరస్సు సముద్రమట్టమునకు సుమారు 2,900 అడుగుల ఎత్తున, కొండల నడుమ నున్నది. మా వెంట తెచ్చుకొన్న శాలువలు రెండును కప్పుకొన్నను తెల్లవారుజామున పండ్లు కొట్టుకొనసాగినవి.

అచ్చటి సంతల యేర్పాటు చిత్రముగ నుండును. మన సంత ఒక ఊర ఏడురోజులకొకసారి జరుగును. వారి సంత అయిదురోజులకొకసారి. సరస్సు చుట్టునుగల గ్రామములు వంతులు వేసికొని, ఈనాడు ఇచ్చట, రేపచ్చట అని సంతను త్రిప్పుచుండును. పూర్ణిమనాడును, అమావాస్యనాడును సంత యుండదు. అందుచే లెక్క ఒకదినము జరుగును. ఈ లెక్క తెలియని యాత్రికుడు ఉత్త మైదానము చూచి తిరిగిపోవలసినదే. మా పడవ నడపిన కుఱ్ఱవాడు ఇరువదియేండ్లవాడు, కొలదిగా ఆంగ్లము వచ్చినవాడు. వాడు వ్రేళ్లు ముడిచి లెక్కించి, “రేపు ఇన్‌దెయిన్” అని చెప్పెను.

పొడవుగను సన్నముగను ఉండు ఆ పడవలో మంచు చీల్చుకొని పోయితిమి. అచ్చటి ఇంతా జాతివారు పడవ చివర ఒంటికాలిపై నిలిచి, రెండవ కాలిని తెడ్డునకు మెలివేసి నడపుదురు. చేతులు వలకు ఖాళీగా నుండవలెను గదా! నీటిమొక్కలను, నాచును చాపలవలె పేర్చి, వెదురుగడలతో గ్రుచ్చి నిలిపి, వానిపై తక్కాళిపండ్లు పండింతురు. చూచుటకు మనోహరమే గాని, ఆ తోటలకు చల్లు మందులు నీటిలో దిగుచున్నవనియు, తోటలు పెరిగినకొలది సరస్సు చిక్కుచున్నదనియు మావారు చెప్పిరి. అటుపై ఒక సన్నని ఏటిలో, అడ్డముగా కట్టిన వెదురుకట్టల నడుమనుండి ఎదురెక్కి ఇన్‌దెయిన్ చేరితిమి.

ఒడ్డున చింతచెట్ల క్రిందను, తడికెల పాకల క్రిందను సంత. కొండలమీదనుండి వచ్చిన పావో జాతి స్త్రీలు నల్లని వస్త్రములు ధరించి, తలకు నారింజవన్నె గళ్లబట్ట పాగాగా చుట్టుకొందురు. తమ ఆదిజనని నాగకన్య యనియు, తండ్రి సిద్ధుడనియు, ఆ పాగా నాగశిరస్సునకు గుర్తనియు వారి కథ. అర్జునుని వరించిన ఉలూచి మాకు తలపునకు వచ్చినది. అమ్మువారిలో పదిమందికి ఎనమండుగురు స్త్రీలే. త్రాసు వారిచేత, సొమ్ము వారి రొండిని. మగవారు బస్తాలు దించి, ఒకమూల కూర్చుండి చుట్టలు కాల్చుకొనుచుండిరి. మేము నిలిచి చాలసేపు చూచితిమి.

ఏమేమి యుండెనందురా? వెల్లుల్లి జడలుగా అల్లినది. చుట్టలకు వాడు ఎండుటాకుల కట్టలు. తనఖా అను చెట్టు చెక్క. దీనిని మన గంధపుచెక్కవలెనే సానపై నీటితో అరగదీసి బుగ్గలకు పూసికొందురు. పసుపువన్నె ముద్దలు కోసి అమ్ముచుండగా జున్నేమో యనుకొంటిమి. శనగపిండిని నీట కలిపి, పసుపు వేసి, అంటకుండ త్రిప్పుచు ఉడికించి, పళ్లెమునబోసి గట్టిపరచినదట. ముక్కలు కోసి నూనెలో వేయింతురు. పైన కరకరలాడును, లోపల మెత్తగా కరగును. మా పడవవాడు దానిని “తోఫు” అనెను. ఇల్లు చేరినపిదప మేము రెండుమారులు చేసితిమి. మొదటిమారు గంటె నిలుపుటచే ఉండలు కట్టినది. రెండవమారు పిల్లలు పళ్లెము ఖాళీచేసిరి. మరియొకచోట సోయాగింజలను ఉడికించి, పులియబెట్టి, దంచి, అప్పడములవలె తట్టి ఎండబెట్టినవి. వాసనకు మేము నాలుగడుగులు వెనుకకు పోతిమి. పడవవాడు నవ్వి, “మీ ఇంగువకు మేమును పోదుము” అనెను. లేతతేయాకును ఉడికించి, అదిమిపెట్టి నెలలకొలది పులియనిచ్చి, నువ్వులు, వేరుశనగపప్పు, వేచిన వెల్లుల్లి, నూనెతో కలిపి తిందురు. దానిపేరు లఫెట్. తేయాకును త్రాగుటయేగాక తినుటయు కలదని అంతవఱకు మే మెరుగము.

మావారు త్రాసులకడ నిలిచిపోయిరి. కొందరు రాళ్లకు మారుగా, వాడి పారవేసిన టార్చిలైటు బ్యాటరీలను తూకమునకు వేయుచుండిరి. అచ్చటి తూనిక మన వీసెకు దాయాది. వారి ‘పైఠా’ వీసెకన్న కొంత పెద్దది, సుమారు 1.63 కిలోగ్రాములు. ఆంగ్లేయులు దానిని ‘విస్’ అని వ్రాసిరి. ఆ మాట వారికి మన దక్షిణదేశపు వీసెనుండియే లభించినది. మనదేశమున 1956 నాటి చట్టముతో వీసెలు, మణుగులు పోయినవి. నాయనమ్మ మాత్రము కడవఱకు వీసెలలోనే లెక్కించెడివారని చెప్పుచు, మావారు బాలునివలె ఆ బ్యాటరీలను చేతబట్టుకొని చూచుచుండిరి.

ఇక మా పని చెప్పవలెను. మావారు త్రాసులు చూచుచున్న వేళ, ఒక చెట్టుక్రింద భుజసంచులు పరచుకొని కూర్చుండిన పావో స్త్రీ కడకు మేము పోయితిమి. నేతసంచి, ఎఱ్ఱని చారలది, మనసునకు నచ్చినది. ఆమె వ్రేళ్లతో ఎనిమిదివేల చాట్లు అని చూపెను. రూపాయికి ఇరువదికి పైగా చాట్లు వచ్చుచుండిన కాలమది. మా కొంగుముడిలోని సొమ్ము సొంతముగా కూడబెట్టుకొన్నది. చూచువారు లేరు. మమ్మెరిగినవారు లేరు. మేము మూడువేలనంటిమి. ఆమె ఏడనెను. మేము తల త్రిప్పితిమి. ఆమె ఆరనెను. బేరమాడుటలో ఇంత రుచి యుండునని మాకు తెలియదు. ఒకరికొకరము మాట తెలియకయే పావుగంట సాగించి, తుదకు నాలుగువేలంటిమి. ఆమె ఏదియో గొణిగి, సరేయని సంచి మడచి చేతికందీయబోయెను. “లక్కీ, లక్కీ” అని ఒక ఆంగ్లపు మాటయు రెండుమారులు పలికెను. అంతలో ప్రక్క పాకలో అట్టి సంచులే మరికొన్ని కనబడినవి. ఇంకను చవుకగా దొరకునేమో యని, చేయి అడ్డముగా నూపి, వెడలి వచ్చితిమి. ఆమె చాచిన చేయి చాచినట్లేయుండెను. వెనుకకు తిరిగి చూచినవారము కాము.

గంటసేపు గడచినది. ఒక వెల్లుల్లి అమ్ము ముసలిది, మాకు ముందున్న యాత్రికుని చేతినుండి నోటు పుచ్చుకొని, దానితో తన సరకునంతటిని, ఒక్కొక్క జడను, తట్టి తట్టి తాకించెను. ఏమిటిదని మావారిచే పడవవాని నడిగించితిమి. “తెల్లవారిన మొదటి బేరము. ఆ డబ్బు తాకిన సరకంతయు అమ్ముడుపోవును. మొదటి బేరము చెడిన ఆ దినమంతయు చెడును. అందుకే మొదటివానికి నష్టమునకైనను ఇచ్చివేయుదురు. దానినే మీ వంటి వారికి తెలియుటకు లక్కీ అందురు” అని వాడు చెప్పెను.

బోణీ! సోదరీమణులారా, బోణీ యన్న మాట తెలియని తెలుగుది కలదా? మా వీధిలో తోపుడుబండి వచ్చినప్పుడు, “బోణీ బేరమమ్మా” అన్నచో మేము నోరెత్తము. ఇంటివాకిట ఎరిగిన ధర్మము పరదేశమున ఏలనో కొంగున నుండి జారిపోయినది. మావారితో చెప్పితిమి. ఆయన మందలించలేదు. “ఎక్కడ కూర్చుండెనో చూపు” అని మాత్రమనిరి.

చెట్టుక్రిందకు పోవునప్పటికి ఆమె లేదు. ఆ చోట ఆకులకట్టలు పేర్చియుండెను. ప్రక్కనున్నామె, ఉదయమునుండి బేరము కాలేదని లేచి మెట్లదారివైపు పోయెనని పడవవానితో చెప్పెను. సంత దాపున ఒక కొండకలదు. దానిపై పాడుపడిన స్తూపములు వేయికి పైగా నున్నవి. పైకి పోవుటకు వందలకొలది కొయ్యస్తంభములతో కప్పు వేసిన మెట్లదారి కలదు. యాత్రికులెల్లరు ఆ దారినే పోదురు కనుక ఇరువైపుల అంగళ్లుండును. మేము వేగముగా ఎక్కితిమి. స్తంభము స్తంభము కడ ఆగితిమి. నల్లని వస్త్రము, నారింజవన్నె పాగా, ముందు సంచులు పరచుకొన్నవారు ఎందరో యుండిరి. మావారు ఒక్కొక్కరిని చూపి, “ఈమెయా?” అని యడుగుచుండిరి.

మేము చెప్పలేకపోతిమి. ఆమె పెద్దదో పిన్నదో, ముఖమున మచ్చ యున్నదో లేదో, ఏమియు జ్ఞప్తికి రాలేదు. సంచి చారలు జ్ఞాపకమున్నవి. ఎఱ్ఱచార, నల్లచార, సన్నని ఆకుపచ్చ. పావుగంటసేపు ఎదురుగా కూర్చుండి బేరమాడినవారము ఆమె ముఖమును చూడలేదు. ఆ చారల సంచియు మరెవరికడను కనబడలేదు. సూర్యుడు నడినెత్తికి రాగా సంత విడిపోవుచుండెను. పడవవాడు తొందరపెట్టెను. కుంకుమభరిణెవంటి లక్కపెట్టె యొకటి కొని, అడిగిన ధర ఇచ్చి, తిరిగి వచ్చితిమి. ఆ పెట్టెను నేటివఱకు ఏమియు వేయక ఉంచితిమి.

పిదప ఆ దేశమున 2021 ఫిబ్రవరి 1 వ తేదీన సైన్యము ప్రభుత్వమును కూలద్రోసినది. 2025 మార్చి 28 వ తేదీనాటి పెద్ద భూకంపమున ఇన్లే సరస్సుపై స్తంభములమీద కట్టుకొన్న యిండ్లు ఎన్నియో నీట కూలినవని చదివితిమి. పత్రికలలో చిత్రములు వచ్చినప్పుడు నారింజవన్నె పాగా కనబడినచోట చూపు ఆగును. ఎవరినని పోల్చుకొందుము?

ఇల్లు చేరిననాటి సంగతికి వత్తము. అత్తగారికి లక్కపెట్టె చూపి, జరిగినది దాచక చెప్పితిమి. ఆమె చాలసేపు పెట్టె మూత తీయుచు వేయుచు కూర్చుండిరి. “మా అత్త రంగూను మాటలు ఎక్కువ చెప్పేది కాదు. ఒకటి మాత్రం అనేది. బుట్ట దించగానే ఎవరో ఒకరు అడిగి, బేరం చేసి, వద్దని పోతే, ఆ రోజు బరువు రెండింతలయ్యేదట” అనిరి. మరి యేమియు అనలేదు. బుట్ట దిగిపోయినదన్న మాటయు అటుపిమ్మట ఆమె నోట వినలేదు.

మరుసటి మంగళవారము ప్రొద్దుపొడువక మునుపే మేము సంతకు బయలుదేరితిమి. మావారు వాకిట నిలిచి, “కొసరు పుచ్చుకొనవద్దు సుమా” అనిరి. అంతకన్న అడ్డుచెప్పలేదు. చేయి తిన్నగా సంచిని పట్టుకొనలేక, ఆ కాలు ఈ కాలు తడబడి, ఎవరైన చూచుచున్నారేమో యని నలుదెసలు చూచుచు పోతిమి. రావిచెట్టు మొదట ఒక ముసలామె అప్పుడే గోనె పరచి, ఆనపకాయలు నాలుగు పేర్చుచుండెను. ధర యడిగితిమి. ఇరువదిరూపాయలనెను. ఇచ్చితిమి. ఈమారు ముఖము చూచితిమి. ఎడమకంట పువ్వు, ముక్కున ఇత్తడి అడ్డబాస, గడ్డమున పచ్చబొట్టు మూడు చుక్కలు. ఆమె నోటు కన్నులకద్దుకొని, దానితో కాయలను తాకించి, రొండిని దోపుకొనెను. మాకు గుండె ఝల్లుమన్నది.

ఆమెయు మావైపు తేరిపార చూచెను. ఆమె మనుమడు మావారికడ ఎనిమిదవ తరగతి చదువుచున్నాడని తరువాత తెలిసినది. మా వాకిటి ముందునుండియే ప్రతి మంగళవారము తట్ట నెత్తుకొని పోవుచుండునట. అప్పుడు మాత్రము కాయ మా సంచిలో వేయుచు, “ఏ ఊరమ్మా మీది? కొత్తగా వచ్చినట్టున్నారు” అని అడిగెను.

ఈ ఊరేనని చెప్పితిమి.